ముందు మూడు రోజులు గొణగండి

ఫిర్యాదు ఉంటే వెంటనే చెప్పండి, సంబంధించినవాళ్ళకే చెప్పండి, క్లుప్తంగా చెప్పండి, కోపం కనబడకుండా చెప్పండి. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకాలన్నీ ఈ నాలుగు ముక్కలే చెబుతాయి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేనూ పిల్లలకు ఇవే వల్లె వేయించాను. ఇప్పుడు ఆ నాలుగూ వెనక్కి తీసుకుంటున్నాను. వెంటనే చెప్పకండి. ముందు మూడు రోజులు గొణగండి. అదీ ఏ సంబంధమూ లేనివాళ్ళ దగ్గర గొణగండి. పాలబ్బాయి దగ్గర, పిట్టగోడ అవతలి పిన్నిగారి దగ్గర, గిన్నెలు తోముకుంటూ మీలో మీరు. ఆ తర్వాతే ఇంగ్లీషులో మాట వెతుక్కోండి.

ఒక్క మినహాయింపు. దొంగతనం జరిగినా, ఎవరైనా చెయ్యి చేసుకున్నా, బ్యాంకు ఖాతాలోంచి డబ్బు మాయమైనా ఈ సలహా పనికిరాదు. సైబర్ మోసమైతే 1930కి ఆ నిమిషమే ఫోన్ చేయాలి. మిగతా వాటికి తొందర లేదు. వినియోగదారుల చట్టం కింద కమిషన్‌కు వెళ్ళడానికే రెండేళ్ళ గడువు ఉంది. అందులో మూడు రోజులు మనం గొణగడానికి వాడుకుందాం.

ఎందుకు గొణగాలో మా ఫ్రిజ్ నాకు నేర్పింది. కొని పదకొండు నెలలైంది. కింద ట్రే నిండిపోయి వంటింటి గచ్చు మీదికి నీళ్ళు పారేవి. మెకానిక్ వచ్చాడు, వెనక ఏదో విప్పి బిగించాడు, వెళ్ళాడు. సాయంత్రానికి మళ్ళీ నీళ్ళు. ఆ రాత్రే కంపెనీకి మెయిలు రాయడానికి కూర్చుని, కంప్లైంట్ అని పైన పెట్టి ఆరు లైన్లు రాశాను. ఆరూ నీళ్ళ గురించే. తప్పుల్లేని ఇంగ్లీషు. చదువుకుంటే అందులో నా బాధ ఎక్కడా కనబడలేదు. పంపకుండా మూసేశాను.

మూడో రోజు పొద్దున గచ్చు తుడిచి బకెట్లోకి గుడ్డ పిండుతున్నాను. గొణుగుడు మధ్యలో ఒక మాట దానంతటదే నోట్లోంచి వచ్చింది: "నాతో చెప్పొచ్చుగా, నేను అక్కడే నిలబడి ఉన్నానుగా!" గుడ్డ చేతిలో ఉండిపోయింది. ఆ మెకానిక్ నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు మా అల్లుడి వైపు తిరిగి చెప్పాడు. అల్లుడు పండక్కి వచ్చినవాడు. ఫ్రిజ్ నాది, డబ్బు నాది, ప్రశ్న నాది. నీళ్ళు తుడవగలను. అది తుడవలేకపోయాను. కొత్త ఉత్తరంలో మూడే వాక్యాలు రాశాను, మొదటిది మనిషి గురించి, తర్వాతి రెండూ నీళ్ళ గురించి. నీళ్ళ గొట్టం వారంలో మార్చారు. మనిషి గురించి రాసినదానికి జవాబు రాలేదు. అయినా రాయవలసింది రాశానన్న నిమ్మళం నాకుంది.

ఇది నా ఒక్కదాని సంగతే అనుకునేదాన్ని, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మట్టి పలక గురించి చదివేదాకా. ఇరాక్‌లోని ప్రాచీన ఉర్ నగరంలో దొరికిన పలక అది. సుమారు క్రీ.పూ. 1750 నాటిది. నన్ని అనే ఆయన ఏయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి అక్కడియన్ భాషలో రాయించిన ఉత్తరం. లోకంలో మిగిలిన కొనుగోలుదారుల ఫిర్యాదుల్లో అదే అతి పాతదని పేరు. మంచి రాగి ఇస్తానని నాసిరకం చూపించాడన్నది అందులో విషయం. కానీ నన్ని మాటిమాటికీ తిరిగి వచ్చేది రాగి దగ్గరికి కాదు. శత్రువుల నేల మీదుగా నడిచి వచ్చిన నా మనిషిని నువ్వు చులకన చేశావు, వట్టి చేతులతో తిప్పి పంపావు అన్న దగ్గరికి. ఈ రోజుల్లో ఆ పలక మీద బొమ్మలు వేసి నవ్వుకుంటున్నారు. నాకు నవ్వు రాదు. రాగి మారకం వేయవచ్చు, ఆ చులకనకు మారకం ఏముంది?

అందుకే ముందు గొణుగుడు. మీ బాధలో బరువు ఎక్కడుందో తెలియకుండా మాట ఎంచుకోలేరు. పైగా ఇంగ్లీషులో ఈ అంగడి చాలా పెద్దది. కంప్లైన్, గ్రంబుల్, వైన్, విన్జ్, మోన్, గ్రోన్, గ్రైప్, గ్రౌస్, కార్ప్, నాగ్, క్వెచ్, ప్రొటెస్ట్, గ్రీవెన్స్. మన నిఘంటువుల్లో వీటన్నిటినీ సణుగు, గొణుగు, ఫిర్యాదుచేయు అనే మూడు బుట్టల్లో వేసేస్తారు. పిల్లలు ఆ మూడూ బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. దేశం దాటాక తెలుస్తుంది, ఒకే మాటకు ఒకచోట పరుగెత్తుకొచ్చారని, ఇంకోచోట మొహం తిప్పుకున్నారని.

కాబట్టి ఇంగ్లీషు మాట పక్కన తెలుగు అర్థం రాసుకోకండి. గొంతు రాసుకోండి. దీనికి నేను వాడే పాఠం ఒక్కటే వాక్యం: "మళ్ళీ పప్పేనా?"

ఏడేళ్ళ పిల్లవాడు కంచం ముందు కూర్చుని చివరి అచ్చును ముక్కులోంచి సాగదీస్తూ "మళ్ళీ పప్పేనాఆఆ" అన్నాడు. అది వైన్. పాత ఇంగ్లీషులో బాణం గాలిని కోసుకుంటూ పోయే చప్పుడుకు ఆ మాట ఉండేది. దోమ చెవి దగ్గర చేసే రొదనీ, మోటారు సన్నటి కూతనీ ఇప్పటికీ వైన్ అనే అంటారు. విషయం కన్నా రాగం ఎక్కువైతే వైన్. "రాగం తీయకు" అని మనం పిల్లల్ని కసురుకుంటామే, సరిగ్గా అదే.

ఇంటి పెద్దాయన కంచంలోకి చూస్తూ, పెదవి కదలీ కదలకుండా, అదే మాట అన్నాడు. గ్రంబుల్. దూరాన ఉరుము దొర్లినా, ఆకలికి కడుపు గుర్రుమన్నా ఆ మాటే. ఉండీ ఉండీ నొప్పి చేసి ఊరుకునే అపెండిక్స్‌ను ఇంగ్లండ్‌లో గ్రంబ్లింగ్ అపెండిక్స్ అంటారు. ఎదుటివాళ్ళు వినితీరాలని ఉండదు, వినకూడదనీ ఉండదు. నాకు ఈ మాటంటే గౌరవం. దీంట్లో నటన లేదు.

పెద్దావిడ అంది: "మళ్ళీ పప్పేనా? పోపు మాడింది, ఉప్పు అరపిసరు తక్కువ, చింతపండు పాతది." ఇది కార్ప్. కొల్లేటి పక్కన పుట్టినదాన్ని కాబట్టి కార్ప్ అంటే నాకు మొదట బొచ్చె, శీలావతి గుర్తొచ్చేవి. చెరువులవాళ్ళు వాటిని కార్ప్ చేపలనే అంటారు. చేపకూ దీనికీ చుట్టరికం లేదు. తప్పులెన్నడానికి వాడే కార్ప్ పూర్వం స్కాండినేవియా భాషలో గొప్పలు చెప్పుకోవడం. తర్వాత దానికి లాటిన్‌లో పీకడం, గిల్లడం అనే అర్థమున్న మాట రంగు అంటుకుంది. ఇది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి మా వారికి చెప్పాను. మనం కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటామే! రెండు దేశాలవాళ్ళు ఒకే గుణాన్ని చూసి ఒకే చేతి పనితో పోల్చారు.

అదే పప్పుకు హాస్టల్ పిల్లలు కంచాలు బోర్లించి వరండాలో బారుగా కూర్చుంటే ప్రొటెస్ట్. ఆ మాటకు లాటిన్‌లో మూలం బహిరంగంగా సాక్ష్యం పలకడం. నోరు తెరవక్కర్లేదు, బోర్లించిన కంచమే సాక్ష్యం. మర్నాడు నలభై సంతకాలతో వార్డెన్‌కు కాగితం ఇస్తే గ్రీవెన్స్.

నెల రోజులపాటు రాత్రి అన్నాల దగ్గర రోజుకొక గొంతుతో ఈ వాక్యం అనండి. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు, ఆపకండి. పప్పు బాగుందో లేదో అనవసరం. వండినవాళ్ళకు మాత్రం ముందే చెప్పి మొదలుపెట్టండి. చెప్పకుండా చేస్తే అది సాధన అవదు, సాధింపు అవుతుంది. మా ఇంట్లో మేం నలుగురం చేశాం. రెండో వారానికి మా మనవరాలు వంటింట్లోంచే విని "తాతయ్యా, అది గ్రంబుల్ కాదు, నువ్వు వైన్ చేశావు" అని దిద్దింది. ఏ వ్యాకరణ పుస్తకమూ అంత త్వరగా నేర్పదు.

గ్రైప్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట మన ప్రతి ఇంట్లో ఉయ్యాల పక్కనే ఉండేది. గ్రైప్ వాటర్ సీసా గుర్తుందిగా? 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి తయారు చేసిన నీళ్ళు. గ్రైప్ అంటే పాత ఇంగ్లీషులో గట్టిగా పట్టుకోవడం, గ్రిప్‌కు తోబుట్టువు. తర్వాత పేగులు పట్టేసే నొప్పికి ఆ పేరొచ్చింది. నొప్పి వచ్చిన పసిబిడ్డను ఒక్కసారి దగ్గరగా చూడండి. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుంటాయి, పిడికిళ్ళు బిగుసుకుంటాయి, బొటనవేలు లోపలికి పోతుంది, మొహం ఎర్రబడుతుంది, ఏడుపు ఆగి ఆగి వస్తుంది. ఒళ్ళంతా ఒక పట్టు. మనమూ "కడుపులో పట్టేసింది" అనే అంటాం. అమెరికావాళ్ళు గత శతాబ్దంలో ఈ మాటను ఫిర్యాదుకు వాడుకలోకి తెచ్చారు. గ్రైప్ అన్నప్పుడు బాధ చిన్నదే కావచ్చు, కానీ లోపల మెలిపెడుతూ ఉంటుంది, వదలదు. అపార్ట్‌మెంట్‌లో మీ బండి పెట్టుకునే చోట ఇంకొకరు రోజూ పెడుతున్నారా? గ్రైప్. నెలకోసారి లిఫ్ట్ ఆగిపోతోందా? అది గ్రంబుల్‌తో సరిపోతుంది.

గ్రౌస్ బ్రిటిష్ సిపాయిల యాసలోంచి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బయటికొచ్చింది. ఇండియా ఇంగ్లీషు పేపర్లకు ఇది ఇష్టమైన మాట, హెడ్డింగులో ఇమడడానికి పొట్టిగా ఉంటుంది. క్వెచ్ తూర్పు యూరప్ యూదుల యిడ్డిష్ నుంచి న్యూయార్క్ మీదుగా వచ్చింది, అసలు అర్థం పిండడం. గుడ్డ ఆరిపోయినా ఇంకా పిండుతూనే ఉండటం అని గుర్తు పెట్టుకోండి చాలు.

నాగ్ దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. స్కాండినేవియా భాషల్లో కొరకడం, తొలవడం అనే మాటకు దీనితో చుట్టరికం ఉంది. "నా ప్రాణం కొరుక్కు తింటున్నావు" అని మన ఇళ్ళల్లో అనే మాట దీనికి తోడబుట్టినదే. కానీ ఈ మాటను ఎవరి మీద వాడుతున్నారో చూడండి. భర్త పదిసార్లు అడిగితే గుర్తు చేశాడంటారు. భార్య మూడోసారి అడిగితే నాగింగ్ అంటారు. మూడోసారి అడగవలసి వచ్చిందంటే మొదటి రెండుసార్లు ఎవరూ కదల్లేదని అర్థం. ఆ కదలనివాడికి ఇంగ్లీషులో ఒక మాట లేదు, అడిగిన ఆవిడకు ఉంది. అందుకని నా సలహా: ఆడవాళ్ళ గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ మాటను పూర్తిగా మానేయండి. రాయవలసి వస్తే "ఆమె మూడోసారి అడిగింది" అని లెక్కతో సహా రాయండి.

ఇక్కడికి అసలు విషయం బయటపడింది. ఈ మాటల మధ్య తేడా చెప్పిన విషయంలో లేదు. చెప్పిన మనిషిని వినాలా వద్దా అన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. ప్రొటెస్ట్ చేసిందంటే ఆమెకు కారణం ఉందని ఒప్పుకున్నట్టు. వైన్ చేసిందంటే కొట్టేసినట్టు. వాక్యం రాసేవాళ్ళ చేతిలోనే తీర్పు ఉంది. అందుకే మీ బాధకు పేరు పెట్టే పని ఇంకొకరికి వదలకండి.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి నర్సుగా బ్రిటన్ వెళ్ళింది. వెళ్ళిన తొలి రోజుల్లో ఒక రాత్రి వార్డులో ముసలావిడ ఒకామె తెల్లవార్లూ మూలుగుతూనే ఉంది. పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఈ అమ్మాయి చెప్పింది, ఆవిడ రాత్రంతా మోనింగ్ అని. మన పుస్తకాల్లో మోన్ అంటే మూలుగు అనే ఉంది, అది తప్పూ కాదు. కానీ అక్కడ రోజువారీ మాటల్లో మోనింగ్ అంటే చీటికీమాటికీ సణగడం. విన్నవాళ్ళు ఓహో అన్నట్టు తలూపి తర్వాతి మంచానికి వెళ్ళిపోయారు. ఆవిడకు నొప్పి మందు రెండు గంటలు ఆలస్యమైంది. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మేడమ్, నేను గ్రోనింగ్ అనుంటే వెంటనే చూసేవాళ్ళు" అంది. ఆ మాట నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది. రెండిటికీ ఒకటే అర్థమని బోర్డు మీద రాసింది నేనే. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఒంటి నొప్పికి గ్రోన్. మోన్ వాడితే పక్కన నొప్పి ఉన్న చోటు కూడా చెప్పండి, ఒంటరిగా వదలకండి.

వైద్యంలోనే ఇంకో సున్నితమైన తేడా ఉంది. కంప్లైన్ తర్వాత ఆఫ్ వస్తే రోగం, అబౌట్ వస్తే అసంతృప్తి. కంప్లైన్డ్ ఆఫ్ చెస్ట్ పెయిన్ అంటే గుండెలో నొప్పి ఉందని చెప్పాడు. డాక్టర్లు కేస్ షీట్ మీద మొదట రాసే చీఫ్ కంప్లైంట్ అంటే రోగి ఆసుపత్రి మీద చేసిన ఫిర్యాదు కాదు, అతన్ని ఆసుపత్రికి రప్పించిన బాధ. ఇలా ఎందుకంటే కంప్లైన్ మూలంలోనే దెబ్బ ఉంది. లాటిన్‌లో ప్లాంగెరె అంటే కొట్టడం, దుఃఖంతో గుండెలు బాదుకోవడం. సివిల్ కోర్టులో దావా వేసే కాగితాన్ని ప్లెయింట్ అంటారు, వేసినవాడు ప్లెయింటిఫ్. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ నిండా ఈ మాటలే. నల్లకోటు వేసుకుని నింపాదిగా నిలబడినా, మాట లోపల ఎవరో గుండెలు బాదుకుంటూనే ఉన్నారు. మన ఫిర్యాదు కూడా అలాంటిదే, పారశీకంలో ఫర్యాద్ అంటే ఆదుకొమ్మని వేసే కేక. అచ్చ తెలుగులో మొర ఉండనే ఉంది. మూడు భాషలూ కాగితం కన్నా ముందు ఏడుపును పెట్టాయి.

అంత బరువున్న మాటను మనం లిఫ్ట్‌కీ కేబుల్ బిల్లుకీ ఖర్చు పెట్టేస్తున్నాం. పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చాం అంటాం. చట్టం ప్రకారం అక్కడ ఇచ్చేది సమాచారం. ఎఫ్‌ఐఆర్‌లో ఐ అంటే ఇన్ఫర్మేషన్. చర్య తీసుకోమని మెజిస్ట్రేట్‌కు చెప్పుకునేదే కంప్లైంట్. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇలాగే విడదీసింది, 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితా ఇలాగే విడదీసింది. కంప్లైంట్‌ను దాచుకోండి. ఏడాదికి రెండో మూడో, అంతే.

గ్రీవెన్స్‌ను ఇంకా జాగ్రత్తగా వాడండి. లాటిన్‌లో గ్రావిస్ అంటే బరువైనది. గ్రీఫ్, గ్రావిటీ దాని సంతానమే. సంస్కృతంలో గురు అన్నదీ అదే వేరు నుంచి వచ్చింది, బరువైనవాడు కాబట్టే గురువు. అందుకే గ్రావిటీని మనం గురుత్వాకర్షణ అని అనువదించుకుంటే అంత సహజంగా కుదిరింది. 1791లో అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణలో, ప్రభుత్వం ముందు గ్రీవెన్స్‌లు పెట్టుకుని పరిష్కారం అడిగే హక్కు ప్రజలకుందని రాశారు. మన దగ్గర సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి తెలంగాణలో ప్రజావాణి అని పేరు. ఆంధ్రలో 2019 నుంచి స్పందన అన్నారు, 2024లో పేరు మళ్ళీ మార్చారు. పేరేదైనా జనం నోట్లో అది గ్రీవెన్సే. "సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళాలి" అంటారు. ఒకసారి మా ఊరి పెద్దాయనకు తోడుగా వెళ్ళాను. ప్లాస్టిక్ సంచిలో పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు, అంతకుముందు ఇచ్చిన అర్జీల రసీదులు వరసగా మడతపెట్టి ఉన్నాయి. ఆ సంచిని ఆయన రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుని మూడు గంటలు నిలబడ్డాడు. కుర్చీ ఇస్తే కూర్చున్నాడు గానీ సంచి మాత్రం కింద పెట్టలేదు. గ్రీవెన్స్ అంటే బరువని నాకు లాటిన్ చెప్పినదాని కన్నా ఆ చేతులు గట్టిగా చెప్పాయి.

కాబట్టి అంత బరువున్నప్పుడు మెత్తని మాట వాడకండి. ఈ కాలపు ఆఫీసుల్లో కన్సర్న్ అని, ఫీడ్‌బ్యాక్ అని రాయమంటున్నారు. ఫీడ్‌బ్యాక్ రేడియో సర్క్యూట్ల మాట, బయటికి పోయిన సంకేతాన్ని మళ్ళీ లోపలికి పంపడం. మనిషికి అవమానం జరిగితే సర్క్యూట్‌కేం సంబంధం? హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అన్నయ్య కూతురు మేనేజర్ మీద రాయవలసి వచ్చి నన్ను అడిగింది. "అత్తా, కన్సర్న్ అని పెట్టనా?" గ్రీవెన్స్ అని పెట్టమన్నాను. దానికి ఆ ఏడాది జీతం పెరగలేదు. నా సలహా వల్లనే కావచ్చు. ఆ రోజు మళ్ళీ వచ్చినా అదే మాట చెబుతాను, ఎందుకంటే తనకు జరిగింది కన్సర్న్ కాదు.

పేరు ఎవరు పెడతారన్నది ఎంత దూరం పోతుందో పితూరీ అనే మాట చూస్తే తెలుస్తుంది. ఇంట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే పితూరీ అంటాం. అదే మాట ప్రభుత్వం నోట తిరుగుబాటు. 1879లో రంప కొండల్లో జనం కల్లుచెట్ల మీద పన్ను గురించి, కొండ ఊళ్ళ పెద్దలైన ముఠాదారుల కష్టాల గురించి చెప్పుకున్నది వాళ్ళకు గోడు. మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో అది ఫితూరీ. 1922 నుంచి రెండేళ్ళు అల్లూరి సీతారామరాజు నడిపించిందీ ఆ కాగితాల్లో ఫితూరీయే. పోడు కొట్టుకోనివ్వరు, రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వరు అన్న బాధలు ఆ ఒక్క మాట కింద కప్పబడిపోయాయి. బైబిల్లో కూడా చూడండి. ఎడారిలో ఆకలితో ఉన్న జనం మోషేను నిలదీసిన చోట 1611 నాటి ఇంగ్లీషు అనువాదం మర్మర్ అంది, ఇటీవలివి గ్రంబుల్ అన్నాయి, మన తెలుగు బైబిలు సణిగారంది. ఆకలన్నవాళ్ళ పక్కన నిలబడి రాసి ఉంటే ఏ మాట పడేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. బ్రిటన్‌లో పెద్దవాళ్ళను ఎలా ఉన్నారని అడిగితే మస్ట్‌నాట్ గ్రంబుల్ అంటారు, గొణక్కూడదులే అని. బాగున్నానని దాని అర్థం. మీరు ఆ జవాబు నేర్చుకోకండి. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే మోకాలి నొప్పి సంగతి చెప్పండి.

ఆ దేశం నుంచే విన్జ్ వచ్చింది. వైన్‌కు ఉత్తరాది చెల్లెలు. ఆస్ట్రేలియాలో దాన్ని వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళ మీద ఎక్కువ వాడతారు, వచ్చిన చోటును ఎప్పుడూ పాత ఊరితో పోల్చి నస పెడతారని. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో నేను అన్నాను: "పదిహేను రోజులైంది నీ గొంతు విని. మేమేం గుర్తుంటాం లేమ్మా, మీ పనులు మీవి." పక్కన బొమ్మలు వేసుకుంటున్న చిన్న మనవడు తలెత్తకుండా "అమ్మమ్మ ఈజ్ విన్జింగ్" అన్నాడు. అక్కడ పుట్టినవాడు, వాడికి ఆ మాట కొట్టినపిండి.

"విన్జింగ్ కాదు నాన్నా," అన్నాను, "నిష్ఠూరమాడుతున్నాను."

వాడు పెన్సిల్ ఆపాడు. "అంటే ఇంగ్లీషులో ఏంటి?"

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. రిప్రోచ్ అందామనుకున్నాను, అందులో ప్రేమ లేదు. మా అమ్మాయి అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుని వేరే గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, "చెప్పమ్మా, అసలేమైంది?" అంది.